కాలిన గాయాన్ని కొలవడం నేర్చుకున్న చరిత్ర

అగ్నిప్రమాదాల వార్తల్లో ‘80 శాతం కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరారు’ అన్న వాక్యం తెలుగు పాఠకులకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఆ శాతం దేనిలో శాతమో, దాన్ని ఎవరు ఏ ఆధారంతో తేల్చారో అడగాలన్న ఆలోచనే సాధారణంగా కలగదు. వైద్యుడు ఆ అంకెను చూసి మొదటి రోజు ఎన్ని లీటర్ల సెలైన్ ఎక్కించాలో, రోగిని ఉన్నచోటే ఉంచాలో పెద్దాసుపత్రికి పంపాలో నిర్ణయిస్తాడు; పోలీసు అధికారి అదే అంకెను చూసి మరణ వాంగ్మూలం కోసం మేజిస్ట్రేటుకు ఎంత తొందరగా కబురు పెట్టాలో ఆలోచిస్తాడు. ఇంత బరువైన నిర్ణయాలకు ఆధారమైన ఈ కొలత వైద్యశాస్త్రంలో కుదురుకుని సుమారు నూరేళ్లే అయింది. అంతకు ముందు, లిఖిత సాక్ష్యం దొరికే కాలం పొడవునా, వైద్యులు గాయం లోతును శ్రద్ధగా పరిశీలించారు గానీ, కాలిన మేర మొత్తం శరీరంలో ఎన్నో వంతు అన్నది పద్ధతిగా లెక్కకట్టలేదు. లోతును చూసినవారికి గాయం అర్థమైంది. గాయపడిన మనిషి రెండో రోజుకో మూడో రోజుకో ఎందుకు చనిపోతున్నాడన్నది మాత్రం అర్థం కాలేదు.

ఈ చరిత్ర తెలియాలంటే ముందు చర్మం కూర్పు కొంత తెలియాలి. చర్మంలో పైన ఉండేది బాహ్యచర్మం. దీనిలో రక్తనాళాలు ఉండవు. ఇది వరుసలు వరుసలుగా పేర్చుకున్న కణాల పొర. అన్నిటికన్నా అడుగున ఉన్న వరుసలోని కణాలు ఎడతెగక విభజన చెందుతూ పైకి జరుగుతుంటాయి. జరిగేకొద్దీ కెరటిన్ అనే గట్టి మాంసకృత్తుతో నిండి, జీవం కోల్పోయి, సుమారు నెల రోజుల్లో పొలుసులుగా రాలిపోతాయి. కనురెప్ప మీద ఈ పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే ఉండగా, అరికాలిలో ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉంటుంది. దీని కింద ఉన్నది అంతశ్చర్మం. కొలాజెన్ నారలతో అల్లుకుని, ఒక మిల్లీమీటరు నుంచి నాలుగు మిల్లీమీటర్ల మందంలో ఉండే ఈ పొరలోనే రక్తనాళాలు, నొప్పిని తెలిపే నాడుల కొసలు, చెమట గ్రంథులు, రోమకూపాలు ఉంటాయి. దానికి అడుగున కొవ్వు పొర ఉంటుంది. గాయం మానడానికి కీలకమైనది రోమకూపం. వెంట్రుక పైకి వచ్చే ఆ సన్నని గొట్టం లోపలి గోడకు బాహ్యచర్మపు కణాలే అస్తరుగా ఉంటాయి, ఆ గొట్టం అంతశ్చర్మంలో చాలా లోతుకు, కొన్నిచోట్ల కొవ్వు దాకా దిగి ఉంటుంది. అందువల్ల పైపొర మొత్తం కాలిపోయినా, రోమకూపాల అడుగుభాగాలు బతికి ఉంటే వాటిలోని కణాలు పాకుతూ పైకి వచ్చి, ఒకదానితో ఒకటి కలిసి, రెండు మూడు వారాల్లో కొత్త పొరను పరుస్తాయి. అవి కూడా మాడిపోతే గాయం అంచుల నుంచి తప్ప చర్మం పుట్టే దారి ఉండదు. గాయం పెద్దదైతే అంచుల నుంచి వచ్చే పొర మధ్యకు చేరలేదు. కాలిన గాయాన్ని పరీక్షించే ప్రతి వైద్యుడూ, ఏ యుగంవాడైనా, తెలిసో తెలియకో వెతికేది ఆ రోమకూపాల బతుకునే.

చర్మాన్ని పొరలుగా విడదీసి చూసిన తొలి గ్రంథాలలో సుశ్రుత సంహిత ఒకటి. దాని శారీరస్థానంలో చర్మానికి అవభాసిని, లోహిత, శ్వేత, తామ్ర, వేదిని, రోహిణి, మాంసధర అనే ఏడు పొరలు చెప్పి, ప్రతిదానికీ వడ్లగింజ మందం ప్రమాణంగా కొలత ఇచ్చారు. పైనున్న అవభాసిని గింజలో పద్దెనిమిదో వంతు, అట్టడుగున ఉన్న మాంసధర రెండు గింజలంత. ఈ కొలతలు కండగల భాగాలకే వర్తిస్తాయనీ, నుదురు, సన్నని వేళ్లు వంటి చోట్లకు పనికిరావనీ ఆ గ్రంథమే హెచ్చరించడం గమనించదగ్గది. ఒంటిమీద అన్నిచోట్లా చర్మం ఒకే మందంలో ఉండదన్న సత్యం, నేటి కాలిన గాయాల విభాగంలో రోజూ పనికొచ్చేది, అక్కడ స్పష్టంగా ఉంది. ఈ జ్ఞానం ఊహతో వచ్చింది కాదని పక్క అధ్యాయం చెబుతుంది: శవాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, ఆ తర్వాత వట్టివేరు, వెంట్రుకలు, వెదురు వంటి వాటితో చేసిన కుంచెలతో మెల్లగా రుద్దుతూ ఒక్కొక్క పొరా ఊడదీసి కళ్లారా చూడాలన్నది అందులోని విధానం. కత్తి పెట్టి కోస్తే పొరలు కలగాపులగమయ్యే చోట నాననిచ్చి రుద్దడం చర్మపు పొరలను చూడడానికి నిజంగా తగిన పద్ధతే.

అదే సంహిత సూత్రస్థానంలోని అగ్నికర్మ అధ్యాయంలో కాలిన గాయాలను నాలుగు విధాలుగా విడదీశారు. రంగు మారి మంట పెట్టేది ప్లుష్టం. బొబ్బలు లేచి, తీవ్రమైన నొప్పితో, ఎర్రదనంతో, ఆలస్యంగా తగ్గేది దుర్దగ్ధం. మరీ లోతుకు పోకుండా తాటిపండు రంగులో సమంగా ఉండేది సమ్యగ్దగ్ధం. మాంసం వేలాడి, సిరలు, స్నాయువులు, కీళ్లు చెడి, జ్వరం, దాహం, మూర్ఛ కలిగించేది అతిదగ్ధం. మూడోదానికి ‘సమ్యక్’, అంటే సరిగ్గా కాలినది, అన్న పేరు ఎందుకు వచ్చిందో ఆ అధ్యాయం ప్రయోజనాన్ని బట్టి తెలుస్తుంది. అది ప్రధానంగా ప్రమాదాల గురించి రాసినది కాదు, వైద్యుడు రోగం కుదర్చడానికి కావాలని వాత పెట్టే చికిత్స గురించి రాసినది. వాత పెట్టే చేతికి కావలసింది లోతు. వాత ఎప్పుడూ చిన్నదే కాబట్టి వైశాల్యం ప్రశ్నే పుట్టదు. అయినా అతిదగ్ధం లక్షణాలలో దాహాన్ని, మూర్ఛను చేర్చిన పరిశీలకుడు గాయాన్ని దాటి మనిషిని చూశాడన్నది ఒప్పుకోవాలి. ఒంట్లో నీరు తగ్గిపోవడానికి అవే తొలి గుర్తులని తేలడానికి పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఐరోపాలోనూ వర్గీకరణ లోతుతోనే మొదలైంది. జర్మన్ శస్త్రవైద్యుడు విల్హెల్మ్ ఫాబ్రి, లాటిన్ పేరుతో ఫాబ్రిసియస్ హిల్డానస్, 1607లో కాలిన గాయాల మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం ప్రచురించి వాటిని మూడు తరగతులుగా విభజించాడు. తుపాకిమందు యుద్ధభూమిలో మామూలైపోయిన కాలంలో ఆ పుస్తకం అవసరం ఎంతటిదో ఊహించవచ్చు. ఆ తర్వాత 1665లో ఇటలీలో మార్చెల్లో మాల్పిగి సూక్ష్మదర్శినితో స్పర్శేంద్రియాన్ని పరిశీలించి బాహ్యచర్మపు అడుగు పొరను వర్ణించాడు. చాలాకాలం ఆ పొర అతని పేరుతోనే చెలామణి అయింది. శరీరశాస్త్రం ఇలా ముందుకు సాగుతుండగా, పారిస్‌లోని ఓతెల్ ద్యూ ఆసుపత్రిలో బారన్ దుపుయిట్రెన్ 1832లో వెలువడిన ఉపన్యాసాలలో కాలిన గాయాలను ఆరు అంతస్తులుగా చెప్పాడు: ఎర్రబడడం, బొబ్బలెక్కడం, అంతశ్చర్మంలో కొంత పోవడం, చర్మం మొత్తం పోవడం, కండరాల దాకా పోవడం, ఎముకతో సహా అవయవం బొగ్గైపోవడం. ఏయే పొర పోయిందన్న ప్రశ్నకు ఇంత తేటగా జవాబు చెప్పిన పట్టిక అంతకు ముందు లేదు. తెలుగువాడైన డాక్టర్ కె.ఎస్. నారాయణ రెడ్డి రాసిన, దేశమంతటా వైద్య విద్యార్థులు చదివే న్యాయవైద్యశాస్త్ర గ్రంథం వంటి పాఠ్యపుస్తకాల్లో దుపుయిట్రెన్ ఆరు తరగతులు నేటికీ కనిపిస్తాయి. చికిత్స చేసే వార్డుల్లో మాత్రం వాటి స్థానంలో పైపై గాయం, చర్మంలో కొంత మందం కాలిన గాయం, చర్మం పూర్తి మందం కాలిన గాయం అన్న సరళమైన విభజన స్థిరపడింది. తిరిగి పుడుతుందా, చర్మం అతకాలా అన్న ఒకే ప్రశ్నకు జవాబిచ్చే విభజన అదే కనుక ఆ మార్పు సబబైనది.

వైశాల్యం లెక్కకు పునాది కాలిన గాయాలతో సంబంధం లేని చోట పడింది. ఒంటి నుంచి వేడి ఎంత బయటికి పోతుందో, విశ్రాంతిలో శరీరం ఎంత శక్తి ఖర్చు చేస్తుందో తేల్చాలనుకున్న శాస్త్రవేత్తలకు చర్మం మొత్తం విస్తీర్ణం కావలసి వచ్చింది. న్యూయార్క్‌లో డుబోయ్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు ఇందుకోసం మనుషులకు ఒంటికి అంటుకునే పల్చని దుస్తులు తొడిగి, వాటి మీద కాగితపు పట్టీలు అతికించి అచ్చు తీసి, ఆ అచ్చును ముక్కలుగా కత్తిరించి చదును చేసి ఫొటో కాగితం మీద పరిచారు. వెలుగు సోకని మేర కాగితాన్ని కత్తిరించి తూకం వేస్తే చర్మపు విస్తీర్ణం తేలేది. 1916లో వారు ప్రకటించిన, ఎత్తు బరువుల నుంచి చర్మ విస్తీర్ణాన్ని గణించే సూత్రం కేన్సర్ మందుల మోతాదు నిర్ణయించడానికి నేటికీ వాడుకలో ఉంది. సాధారణంగా పెద్దవారి చర్మం ఒకటిన్నర నుంచి రెండు చదరపు మీటర్ల వరకు ఉంటుంది.

ఈ కొలతలను ఆధారం చేసుకుని అమెరికన్ వైద్యుడు శామ్యూల్ బెర్కో 1924లో తల 6 శాతం, రెండు చేతులు 18 శాతం, మొండెం 38 శాతం, రెండు కాళ్లు 38 శాతం అని శరీరాన్ని వాటాలు వేసి, కాలిన మేరను మొత్తంలో శాతంగా చెప్పే పద్ధతిని ప్రకటించాడు. వార్తల్లో నేడు కనిపించే శాతానికి మూలపురుషుడు అతనే. అంతకు ముందూ కొందరు వైద్యులు పెద్ద గాయమైతే ప్రాణం దక్కదని రాశారు. కానీ పెద్ద అంటే ఎంత అన్నదానికి ఒక ఆసుపత్రి మాట మరో ఆసుపత్రికి అర్థమయ్యే భాష లేదు. భాష లేనప్పుడు ఒకరి చికిత్స మరొకరి చికిత్సకన్నా మెరుగో కాదో తేల్చడం ఎవరి తరమూ కాదు. బెర్కో చేసిన మేలు అక్కడుంది.

ఆ కాలంలోనే మరణ కారణం కూడా బయటపడింది. 1921లో న్యూ హేవెన్ నగరంలో రియాల్టో థియేటర్ తగలబడినప్పుడు గాయపడినవారిని యేల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ అండర్‌హిల్ పరిశీలించాడు. బొబ్బల్లోని నీటిని పరీక్షిస్తే దాని కూర్పు రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాకు దగ్గరగా ఉంది. రోగుల రక్తం మాత్రం చిక్కబడి ఉంది. కాలిన చర్మంలోని సన్నని రక్తనాళాలు చిల్లులు పడినట్లై ప్లాస్మా కణజాలంలోకి, బొబ్బల్లోకి, గాయం పైకి ఊరిపోతోందనీ, కాలిన చర్మం నుంచి ఏదో విషం పుట్టి రోగిని చంపుతోందన్న అప్పటి నమ్మకం కన్నా నీరు, ఉప్పు, మాంసకృత్తుల నష్టమే తొలి రోజుల చావులను చక్కగా వివరిస్తుందనీ అతడు చూపాడు. ఊరే ద్రవం లోతు కన్నా వైశాల్యాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది. శతాబ్దాలుగా లోతును మాత్రమే చూసిన శాస్త్రానికి తప్పిపోయిన ముడి ఇక్కడ దొరికింది.

అయినా ఆచరణ వెంటనే మారలేదు. 1925లో డెట్రాయిట్‌లో డేవిడ్‌సన్ అనే వైద్యుడు గాయం మీద టానిక్ ఆమ్లం పూసే పద్ధతిని ప్రవేశపెట్టగా అది ప్రపంచమంతా వ్యాపించింది. తోళ్లు పదును పెట్టడానికి వాడే ఆ పదార్థం గాయాన్ని నల్లటి గట్టి తోలుగా మార్చి నీరు ఊరడాన్ని కొంత ఆపేది. కానీ ఆ తోలు కింద గాయం ఎంత లోతో చూడడానికి వీలుండేది కాదు, కింద చీము పట్టినా తెలిసేది కాదు. పైగా ఆ ఆమ్లం కాలేయాన్ని దెబ్బతీస్తుందని తర్వాత తేలింది. గాయాన్ని కప్పేసి కనబడకుండా చేసే చికిత్స ఎంత చల్లగా తోచినా ప్రమాదకరమేనన్నది ఆనాటి పాఠం. మన ఇళ్లలో కాలినచోట టూత్‌పేస్ట్, సిరా, పసుపు పూసి ఆసుపత్రికి తీసుకువచ్చే అలవాటుకూ అదే వర్తిస్తుంది. వాటిని కడిగి తీసేదాకా వైద్యుడికి గాయం అసలు రంగు తెలియదు, కడగడంలో రోగికి నరకం కనబడుతుంది. చల్లని కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచి, శుభ్రమైన బట్ట కప్పి తీసుకురావడం ఆ పూతలన్నిటికన్నా మేలు.

1942 నవంబరు 28న బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. ఆ రాత్రి ఆసుపత్రులకు ఒక్కసారిగా వచ్చిపడిన క్షతగాత్రులకు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఆలివర్ కోప్ బృందం టానిక్ ఆమ్లాన్ని పక్కనపెట్టి మెత్తని పూత గుడ్డలు కట్టి, ప్లాస్మా ఎక్కించింది; వారి అనుభవం యుద్ధకాలపు చికిత్సనే మార్చివేసింది. అదే నగరంలోని బోస్టన్ సిటీ ఆసుపత్రికి చెందిన చార్లెస్ లండ్, న్యూటన్ బ్రౌడర్ 1944లో ప్రకటించిన పటం ఈ చరిత్రలో అన్నిటికన్నా ఓపికైన పని. అది ముందు వెనుకల రెండు మానవాకృతుల బొమ్మ. కాలినచోటును వైద్యుడు పెన్సిలుతో నింపి, ఒక్కొక్క భాగానికీ పక్కన ఉన్న పట్టికలోని వాటాను కూడుకుంటాడు. దాని విశేషమంతా వయసును లెక్కలోకి తీసుకోవడంలో ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డ తల శరీరంలో 19 శాతం, పెద్దవాడి తల 7 శాతం. బిడ్డ ఒక్కొక్క తొడ ఐదున్నర శాతం, పెద్దవాడిది తొమ్మిదిన్నర. పిల్లవాడిని చిన్న సైజు పెద్దమనిషిగా లెక్కవేస్తే తల మీద వేడినీళ్లు పడిన పసివాడికి కావలసిన ద్రవంలో సగం కూడా అందదు. మన వంటిళ్లలో నేల మీద దించిన గంజి గిన్నెలో, పప్పు గిన్నెలో చేయి పెట్టే, స్టవ్ అంచున ఉన్న పాలగిన్నెను మీదికి లాక్కునే పిల్లల గాయాలకు ఈ పట్టిక తప్పనిసరి.

అయితే యుద్ధరంగంలో, పల్లె దవాఖానాలో పట్టిక పట్టుకుని కూర్చునే తీరిక ఉండదు. అమెరికా సైనిక వైద్యులు పులాస్కీ, టెనిసన్ 1940ల చివర ఒక తేలిక లెక్క వాడుకలోకి తేగా, ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు ఎ.బి. వాలెస్ దాన్ని 1951లో ప్రచురించి ప్రపంచానికి పరిచయం చేశాడు. తొమ్మిదుల సూత్రంగా పేరొందిన ఆ లెక్కలో తల మెడ కలిపి 9, ఒక్కొక్క చేయి 9, ఒక్కొక్క కాలు 18, మొండెం ముందువైపు 18, వెనుకవైపు 18, మర్మావయవాల చోటు 1, మొత్తం వంద. చెల్లాచెదురుగా ఉన్న చిన్న గాయాలకు రోగి అరచేయి, వేళ్లతో కలిపి, దాదాపు ఒక శాతంగా తీసుకుంటారు. వైద్యుడి చేయి కాదు, రోగి చేయి. ఎండ తగిలినట్లు ఎర్రబడి, బొబ్బ లేవని చోటును ఈ లెక్కలో కలపకూడదు. కంగారులో ఆ ఎర్రదనాన్నీ కలిపేయడం, అందువల్ల అంకె పెరిగిపోవడం నేటికీ సర్వసాధారణమైన పొరపాటు.

శాతం తేలాక దానితో ఏం చేయాలన్నది 1950ల నుంచి సూత్రాల రూపం పొందింది. 1952లో ఎవాన్స్ అనే వైద్యుడు ఒక సూత్రం ఇవ్వగా, 1968లో డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రికి చెందిన చార్లెస్ బాక్స్‌టర్, టామ్ షైర్స్ ఇచ్చినది ఎక్కువగా నిలిచింది: కిలో బరువుకు, ఒక శాతం కాలిన మేరకు 4 మిల్లీలీటర్ల చొప్పున తొలి 24 గంటల్లో రింగర్స్ లాక్టేట్ ద్రవం ఎక్కించాలి, అందులో సగం మొదటి ఎనిమిది గంటల్లోనే పోవాలి. 60 కిలోల మనిషికి 40 శాతం కాలితే మొత్తం 9,600 మిల్లీలీటర్లు. తొలి ఎనిమిది గంటల వాటా 4,800. ఆ ఎనిమిది గంటలు ఆసుపత్రికి చేరిన క్షణం నుంచి కాక, కాలిన క్షణం నుంచి లెక్క. మండల కేంద్రం నుంచి జిల్లా ఆసుపత్రికి చేరేసరికి మూడు గంటలు గడిచిపోయి, దారిలో ఏమీ ఎక్కించకపోతే, ఆ 4,800 మిల్లీలీటర్లూ మిగిలిన ఐదు గంటల్లో ఇవ్వవలసి వస్తుంది. ఇది ఆరంభపు అంచనాయే. ఆ పైన గంటగంటకూ మూత్రం ఎంత వస్తోందో చూసి ద్రవాన్ని పెంచడమో తగ్గించడమో చేస్తారు. అందుకే రెఫరల్ చీటీ మీద శాతంతో పాటు ప్రమాదం జరిగిన సమయం రాయకపోతే ఆ చీటీ సగమే పనికొస్తుంది.

వైశాల్యం లెక్క ఇలా గట్టిపడుతున్న కాలంలోనే లోతుపై పరిశోధన మళ్లీ ఊపందుకుంది. 1947లో హార్వర్డ్‌లో మోరిట్జ్, హెన్రిక్స్ పందుల చర్మం మీద, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషుల మీద ప్రయోగాలు చేసి, చర్మం కాలడానికి వేడి ఎంతో, అది తగిలిన కాలమూ అంతే ముఖ్యమని అంకెలతో నిరూపించారు. 44 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాహ్యచర్మం నశించడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. అక్కడి నుంచి 51 డిగ్రీల దాకా ఒక్కొక్క డిగ్రీ పెరిగేకొద్దీ కావలసిన సమయం దాదాపు సగమవుతూ వస్తుంది. 60 డిగ్రీలకు చేరేసరికి కొన్ని సెకన్లు చాలు. స్పృహ లేనివారు, పక్షవాతం వచ్చినవారు, మత్తులో ఉన్నవారు అంతగా వేడిలేని నీటి సంచితో కూడా లోతుగా కాలిపోవడానికి కారణం ఇదే.

బర్మింగ్‌హామ్ ప్రమాదాల ఆసుపత్రిలో డగ్లస్ జాక్సన్ 1953లో ప్రచురించిన వ్యాసం లోతును గురించిన ఆలోచననే మలుపు తిప్పింది. కాలిన గాయాన్ని అతడు మూడు మండలాలుగా చూశాడు. మధ్యలో కణాలు గడ్డకట్టి చచ్చిపోయిన మండలం. దాని చుట్టూ రక్తప్రవాహం మందగించిన మండలం, అంటే స్తంభన మండలం. అన్నిటికీ వెలుపల రక్తం ఎక్కువగా పారి ఎర్రబడిన మండలం. మొదటిది దక్కదు, మూడోది దానంతటదే మానుతుంది. వివాదమంతా నడిమి మండలానిదే. రోగికి ద్రవాలు సరిగా అందితే, అంటు చేరకపోతే అది బతుకుతుంది, లేకపోతే రెండు మూడు రోజుల్లో చచ్చి మొదటి మండలంలో కలిసిపోతుంది. గాయం లోతు ప్రమాద క్షణంలోనే తేలిపోయే విషయం కాదనీ, చికిత్స బాగుంటే కొంత తగ్గించదగినదనీ, అశ్రద్ధ చేస్తే పెరిగేదనీ దీనివల్ల స్పష్టమైంది. తొలిరోజు గీసిన పటాన్ని మూడో రోజు మళ్లీ గీయడం అందుకే పద్ధతిగా మారింది. ఇదే ఆసుపత్రిలో కాలిన చోట సూదిమొనతో తాకి నొప్పి తెలుస్తోందా లేదా చూసే పరీక్షను పద్ధతిగా తీర్చిదిద్దారు. నాడుల కొసలు అంతశ్చర్మంలో ఉంటాయి కాబట్టి పైపై గాయం విపరీతంగా నొప్పి పెడుతుంది, పూర్తి మందం కాలిన చోట సూది దిగినా తెలియదు. నొప్పి లేదని రోగీ బంధువులూ ఊరట చెందే గాయమే వైద్యుడికి ఎక్కువ ఆందోళన కలిగించేది.

బర్మింగ్‌హామ్ కాలిన గాయాల విభాగానికి బాధ్యుడైన లెనార్డ్ కోల్‌బ్రూక్ తన రోగుల లెక్కలు చూసి, చాలామంది కంచె లేని నిప్పుగూళ్ల దగ్గర నైట్‌గౌన్లు అంటుకున్న ఆడపిల్లలని గుర్తించి, నిప్పుగూడులాంటి హీటర్లకు కంచె తప్పనిసరి చేయాలని ఏళ్లతరబడి పట్టుబట్టాడు. 1952లో బ్రిటన్‌లో అలాంటి చట్టం వచ్చింది. గాయాన్ని లెక్కించడం నేర్చుకున్నవాడికి దాని కారణాన్ని లెక్కించడం కూడా సాధ్యమైంది.

ఐతే లోతును తేల్చే ఈ పరీక్షలన్నీ తెల్లచర్మం మీద రూపొందాయన్న సంగతి భారతీయ పాఠకులు గుర్తుంచుకోవాలి. గులాబి రంగు, వేలితో నొక్కితే తెల్లబడి వదిలితే మళ్లీ ఎర్రబడడం వంటి గుర్తులు పాశ్చాత్య పుస్తకాల్లో చెప్పినంత తేటగా చామనఛాయ, నలుపు ఒంటి మీద కనిపించవు. మన చర్మంపై పైపొర ఊడిన తర్వాతే అడుగున ఉన్న అంతశ్చర్మపు రంగు, తడి, మెరుపు చూడగలుగుతాం. అందుకే గాయాన్ని కడిగి, చచ్చిన పొరను తొలగించి, తర్వాతే లోతు అంచనా వేయాలన్నది ఇక్కడ మరింత ముఖ్యం. అనుభవజ్ఞులు కంటితో వేసే లోతు అంచనా కూడా సుమారు మూడింట రెండు వంతుల సందర్భాల్లోనే సరిగ్గా ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. రక్తప్రవాహాన్ని లేజర్ కాంతితో కొలిచే డాప్లర్ యంత్రం ఈ లోటును చాలావరకు తీరుస్తుంది గానీ దాని ధర కారణంగా అది కొద్ది కేంద్రాలకే పరిమితం.

భారతదేశంలో శాతం అంకె న్యాయస్థానంలో మరో బతుకు బతుకుతోంది. 1986లో భారత శిక్షాస్మృతిలో చేరిన 304-బి సెక్షన్, పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిన గాయాలతో గానీ ఇతర అసహజ కారణాలతో గానీ స్త్రీ మరణించి, చనిపోవడానికి ముందు కట్నం కోసం వేధింపులు జరిగాయని తేలితే దాన్ని వరకట్న మరణంగా పరిగణించింది. అలాంటి కేసుల్లో 90 శాతం కాలిన మనిషి స్పృహతో మాట్లాడగలదా, ఆమె వాంగ్మూలాన్ని నమ్మవచ్చా అన్న వాదన పదేపదే వచ్చింది. శాతం ఎక్కువైనంత మాత్రాన మాట పోదు. మెదడుకు రక్తం అందుతున్నంతసేపు, పొగ గొంతును మూసేయనంతసేపు తొలి గంటల్లో రోగి చక్కగా మాట్లాడగలడని వైద్యులకు అనుభవం. అందుకే అంకెను మాత్రమే చూసి వాంగ్మూలాన్ని కొట్టిపారేయడం సరికాదు. ఒంటినిండా కాలిందని రాసిన కేసులో వాంగ్మూలం కింద వేలిముద్ర గీతలు స్పష్టంగా ఎలా ఉన్నాయన్న సందేహం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వేలిముద్ర గీతలు అంతశ్చర్మపు మిట్టపల్లాల నుంచి ఏర్పడతాయి, అరచేతి చర్మం మందం, పైగా మంటను ఆర్పబోయేటప్పుడు పిడికిలి బిగిసే అవకాశం ఉంది. నూరు శాతం అని రాసిన చోట నిజానికి ఎంత కాలిందో, బొటనవేలు మిగిలిందో లేదో పటం మీద గీసి ఉంటే ఆ సందేహానికి జవాబు అక్కడే దొరికేది. తొందరలో రాసిన ఉజ్జాయింపు అంకె ఒక స్త్రీ చివరి మాటను అనుమానం పాలు చేయగలదంటే, పెన్సిలుతో గీసే ఆ బొమ్మకు ఎంత విలువ ఉందో తెలుస్తుంది.

కొలతలన్నీ కుదిరాక చికిత్స కూడా మారింది. లోతుగా కాలిన చర్మం దానంతటది ఊడిపోయే వరకు వారాల తరబడి ఎదురుచూడడం పాత పద్ధతి. ఆలోగా అంటు చేరి రోగి చనిపోయేవాడు. స్లొవీనియాలోని మారిబోర్ ఆసుపత్రిలో జోరా యాంజెకోవిచ్ అనే వైద్యురాలు, తొలి కొద్దిరోజుల్లోనే కాలిన చర్మాన్ని పలుచని పలకలుగా, రక్తం చిమ్మే బతికిన పొర తగిలేదాకా చెక్కి, వెంటనే రోగి సొంత చర్మాన్ని అతికే పద్ధతిని అభివృద్ధి చేసి 1970లో ప్రచురించింది. ఏ పొర దగ్గర ఆగాలో కత్తి పట్టిన చేయి నిర్ణయించే ఈ శస్త్రచికిత్సలో చర్మ నిర్మాణ జ్ఞానం మొత్తం ప్రాణం పోసుకుంటుంది. అతికే ముక్కను ఆరోగ్యకరమైన తొడ నుంచి మిల్లీమీటరులో మూడో వంతు లోపు మందంలో తీస్తారు. అక్కడ రోమకూపాల అడుగులు మిగిలే ఉంటాయి కాబట్టి తీసిన చోటు రెండు వారాల్లో మానుతుంది.

శరీరంలో సగానికి పైగా కాలినప్పుడు అతకడానికి సొంత చర్మం చాలదు. అప్పుడు చనిపోయినవారి నుంచి తీసిన చర్మాన్ని తాత్కాలికంగా కప్పుతారు. ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో 2000లో మొదలైన చర్మనిధి తర్వాత అలాంటి కేంద్రాలు దేశంలో ఒక్కొక్కటిగా పెరిగి, హైదరాబాద్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో కూడా ఒకటి ఏర్పడింది. మరణించిన ఆరు గంటలలోపు ఇంటికే వచ్చి తొడలు, కాళ్లు, వీపు నుంచి పలుచని పైపొరను మాత్రమే తీసుకుంటారు. రక్తం ఎక్కువగా కారదు, ముఖం చెక్కుచెదరదు, బ్లడ్ గ్రూప్ కలవవలసిన అవసరం లేదు. ఆ పొరను గ్లిసరాల్‌లో శుద్ధిచేసి చలిలో ఉంచితే ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. కాలినవారి ఒంటి మీద అది మూడు నాలుగు వారాలు నిలిచి, నీరు ఊరడాన్ని, అంటును ఆపుతుంది. ఆ తర్వాత రోగి శరీరం దాన్ని తోసివేస్తుంది. ఆ వ్యవధిలో ముందుగా చర్మం తీసిన తొడ మానుతుంది, మళ్లీ అక్కడి నుంచి కొత్త ముక్క తీయడానికి వీలవుతుంది.